రేడియేటర్‌లో ఆయిల్ తేలింది, హెడ్ మాత్రం దించలేదు

విశాఖ పోర్టులో ఎరువు బస్తాలు ఎత్తుకుని జగదల్‌పూర్‌కి బయల్దేరిన లోడు అది. సాలూరు దాటితే సుంకి ఘాట్ మొదలవుతుంది. అందుకే లారీవాళ్ళం చాలామందిమి సాలూరులో టీకి ఆగి, టైర్లు తట్టి, నీళ్ళూ ఆయిలూ చూసుకుని గానీ పైకి కదలం. టీ తాగి, ఇంజన్ కొంచెం చల్లారనిచ్చి నీళ్ళ ట్యాంకు మూత తిప్పితే లోపల నీళ్ళే కనబడలేదు. గోధుమ రంగు జిడ్డు, దాని మీద నల్లటి ఆయిల్ చుక్కలు. వేలు పెట్టి తీస్తే చిక్కగా సాగింది. వాసన చూస్తే ఇంజన్ ఆయిలే. దారిలో టెంపరేచర్ ముల్లు రోజూ నిలబడే చోటికంటే కొంచెం పైన ఉన్న మాట నిజమే. కానీ ఎండాకాలం, ఫుల్ లోడు. ఆపి చూడాలి అనిపించేంత పైకి పోలేదు.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పది టైర్ల బండి. ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, వెట్ లైనర్లు. లైనర్ అంటే పిస్టన్ ఆడే గొట్టం. వెట్ అంటే దాని బయటి గోడకి నేరుగా నీళ్ళు తగులుతుంటాయి. కింద రబ్బరు ఓ రింగులు ఆ నీళ్ళను ఛాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, దిగకుండా ఆపుతాయి. ఈ సంగతి తర్వాత అవసరం పడుతుంది.

రోడ్డు పక్క మెకానిక్ ఒకతను వచ్చి చూశాడు. ట్యాంకులో, రేడియేటర్‌లో పైపైన ఉన్న జిడ్డు తోడేసి, బోరు నీళ్ళు పోసి స్టార్ట్ చేయించాడు. రేడియేటర్ మూతి దగ్గర బుడబుడమని బుడగలు వచ్చాయి. "గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి" అని తేల్చేశాడు. హెడ్ అంటే సిలిండర్ల పైన బిగించే మూత, గ్యాస్కెట్ అంటే దానికీ బ్లాకుకీ మధ్య పెట్టే పల్చటి పట్టీ. గ్యాస్కెట్ సెట్టు, హెడ్ ఫేసింగ్, వాల్వులు, లేబరు కలిపి ముప్పై వేలు చెప్పాడు. దించాక హెడ్‌లో క్రాక్ కనబడితే అది వేరే లెక్క. అక్కడ టెన్షన్ మొదలైంది. ఒకవైపు సరుకు పార్టీ ఫోన్ల మీద ఫోన్లు. ఇంజన్ నడిపి ఘాట్ ఎక్కే ప్రశ్నే లేదు కాబట్టి బస్తాలు వేరే లారీలోకి మార్పించి, ఖాళీ బండిని మెల్లగా తాడు కట్టి లాగించి ఒక పెద్ద మేస్త్రి షెడ్డుకి చేర్చాను. సాలూరు లారీల ఊరు. ఇంజన్ పని తెలిసిన చేతికి అక్కడ కొదవ లేదు.

మేస్త్రి ముందు ట్యాంకు దగ్గరికి పోలేదు. ఆయిల్ స్టిక్ లాగి చూశాడు. తుడిచి మళ్ళీ పెట్టి మళ్ళీ లాగాడు. గుడ్డ మీద రాశాడు. ఆయిల్ నల్లగా, శుభ్రంగా ఉంది, మట్టం మాత్రం కింది గీతకి దగ్గరగా పడిపోయింది. ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూశాడు, అక్కడా తెల్ల మడ్డి లేదు.

"ఆయిల్ నీళ్ళలోకి పోయింది. నీళ్ళు ఆయిల్లోకి రాలేదు. ముందు ఈ మాట గుర్తు పెట్టుకో బాబూ" అన్నాడు.

నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ, మొత్తం వెతుకులాట ఆ ఒక్క మాట మీదే నడిచింది. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 4, 5 కేజీల దాకా ఉంటుంది. నీళ్ళ వైపు రేడియేటర్ మూత పట్టి ఉంచేది 1 కేజీ, చాలా బళ్ళలో అంతకంటే తక్కువే. ప్రెషర్‌లో ఉన్న ఆయిల్‌కీ నీళ్ళకీ మధ్య గోడ ఎక్కడ చిట్లినా, బండి నడుస్తున్నంత సేపు ఆయిలే నీళ్ళలోకి తోసుకుపోతుంది. అలాంటి గోడ ఉన్న చోట్లు ఇంజన్‌లో ఎక్కువ లేవు. ఒకటి ఆయిల్ కూలర్, అంటే నీళ్ళతో ఆయిల్‌ని చల్లబరిచే పెట్టె. రెండోది హెడ్‌కి ఆయిల్ ఎక్కే దారి, అది గ్యాస్కెట్ మీదుగా పోతుంది. మూడోది బ్లాకులోనో హెడ్‌లోనో క్రాక్. అదే లైనర్ కింద ఓ రింగులు పోతే కథ వేరు. ఛాంబర్‌లో ప్రెషర్ ఉండదు కాబట్టి నీళ్ళే కిందికి దిగుతాయి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

నీళ్ళు ఆయిల్లోకి దిగే ఆ రోగం అదే షెడ్డులో కళ్ళెదుటే ఉంది. పక్కన ఒక టిప్పర్ ఛాంబర్ విప్పి పెట్టి ఉంది. దాని స్టిక్ లాగి చూపించాడు. పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఆయిల్, పై గీత దాటి రెండు వేళ్ళ ఎత్తున. రేడియేటర్‌లో మాత్రం జిడ్డు చుక్క లేదు. ఆ డ్రైవర్ రోజూ నీళ్ళు పోసుకుంటూ తిరిగాడట, ఎక్కడికి పోతున్నాయో తెలియకుండా. దాని బేరింగుల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది.

స్టిక్ మీద శుభ్రంగా ఉన్నంత మాత్రాన లోపల నీళ్ళు లేవని మేస్త్రి ఒప్పుకోలేదు. బండిని రాత్రంతా కదపకుండా ఉంచాడు. నీళ్ళు ఆయిల్ కంటే బరువు, ఇంజన్ చల్లబరచడానికి నీళ్ళతో కలిపి పోసే కూలంట్ ఇంకా బరువు, ఉంటే అడుగుకి చేరతాయి. పొద్దున్నే ఛాంబర్ కింది డ్రెయిన్ బోల్టు పూర్తిగా విప్పకుండా, మర మీదే ఉంచి మెల్లగా వదులు చేశాడు. కింద గాజు సీసా పట్టుకుని నేను కూర్చున్నాను. మొదటి చుక్క నుంచీ నల్ల ఆయిలే వచ్చింది. దానిలోంచి రెండు చుక్కలు తీసి, వేడెక్కిన ఇనుప రేకు మీద వేశాడు. నీళ్ళు కలిసి ఉంటే చిటపటలాడి చిన్న చిన్న బుడగలతో పొంగాలి. మాది పొగ వదిలింది తప్ప శబ్దం చేయలేదు. పక్కనున్న టిప్పర్ ఆయిల్ చుక్క వేస్తే రేకు మీద నుంచి ఎగిరి పడింది. కాస్త దూరంగా నిలబడి చూడాల్సిన పరీక్ష ఇది.

ఇక బుడగలు. గ్యాస్కెట్ అని మొదటి మెకానిక్ అన్నది వాటిని చూసే. కానీ ఖాళీ అయిన రేడియేటర్‌లో కొత్తగా నీళ్ళు పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. స్టార్ట్ చేశాక ఆ గాలి బయటికి రావడం సహజం. మేస్త్రి నీళ్ళు నింపి, గాలి స్క్రూ వదులు చేసి, ఇంజన్‌ని థర్మోస్టాట్ (వేడెక్కాకే రేడియేటర్ వైపు నీళ్ళు వదిలే వాల్వు) తెరుచుకునేంత వేడి వరకు నడిపాడు. తర్వాత ఓవర్‌ఫ్లో పైపు కొస తీసి నీళ్ళున్న ప్లాస్టిక్ బాటిల్‌లో ముంచాడు. మొదట గబగబా బుడగలు వచ్చాయి. తర్వాత ఒకటీ అరా. తర్వాత ఆగిపోయాయి. రేస్ ఇచ్చి పట్టుకున్నా రాలేదు. గ్యాస్కెట్ దాటి సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి వస్తుంటే అవి ఆగవు, రేస్‌తో పాటు పెరుగుతాయి. అలా గ్యాస్ వస్తుంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే రేడియేటర్ పై హోస్ పైపు కూడా గట్టిపడుతుంది. నీళ్ళు వేడెక్కకముందే గట్టిపడిందంటే ఆ ప్రెషర్ ఆవిరిది కాదు, సిలిండర్‌ది. మా హోస్‌ని మరుసటి ఉదయం చల్లగా ఉన్నప్పుడు పట్టుకుని చూస్తే మెత్తగానే ఉంది.

ఇక్కడ నాకు అసలు తెలియని సంగతి ఒకటి చూపించాడు. బ్రేకుల గాలి కంప్రెసర్ కూడా ఈ నీళ్ళతోనే చల్లబడుతుంది. దాని హెడ్ గ్యాస్కెట్ లీకైనా రేడియేటర్‌లో బుడగలు వస్తాయి, దాన్ని చూసి ఇంజన్ హెడ్ దించేసిన బళ్ళు తన షెడ్డుకే వచ్చాయట. అది తేల్చడం తేలిక. గాలి ట్యాంకులు నిండి, టుస్సుమని కటౌట్ కొట్టేదాకా (అంటే కంప్రెసర్ గాలి నింపడం ఆపేదాకా) బుడగలు వచ్చి, కొట్టగానే ఆగితే తప్పు కంప్రెసర్‌ది. బ్రేకు పదే పదే తొక్కి గాలి దింపుతూ, నింపుతూ చూశాం. ఆ రెండింటికీ బాటిల్‌లో తేడా లేదు. కంప్రెసర్‌ని కూడా పక్కన పెట్టేశాం.

తర్వాత ఇంజన్ ఆపి ప్రెషర్ టెస్ట్. రేడియేటర్ మూత ఉండే చోట గేజ్ ఉన్న చేతి పంపు బిగించి 1 కేజీ దాకా గాలి కొట్టాడు. ఈలోగా కుర్రాళ్ళు ఆయిల్ దించేసి ఛాంబర్ విప్పారు. కింద తెల్ల న్యూస్‌పేపర్లు పరిచి, టార్చ్ పట్టుకుని నేనూ కిందికి దూరాను. పైన క్రాంక్, కనెక్టింగ్ రాడ్లు, వాటి వెనక ఆరు లైనర్ల అంచులు. ఒక్కో లైనర్ అంచు చుట్టూ గుడ్డతో పొడిగా తుడిచి వేలితో తడుముతూ పోయాడు. తడి తగిలితే ఆ సిలిండర్ ఓ రింగో, లైనర్‌కి సన్న చిల్లో అని అర్థం. అరగంట అలాగే వదిలేశాం. పేపర్ల మీద పడింది రాడ్ల మీద నుంచి కారిన ఆయిల్ చుక్కలే. గేజ్ ముల్లు కూడా దిగీ దిగనట్టు దిగింది, అది హోస్ క్లిప్పు దగ్గర చెమ్మ వల్ల.

ఛాంబర్ ఎలాగూ విప్పారు కదా అని ఒక బిగ్ ఎండ్ క్యాప్ (కనెక్టింగ్ రాడ్‌ని క్రాంక్‌కి పట్టి ఉంచేది) కూడా తీయించాను. కూలంట్ కలిసిన ఆయిల్ బేరింగుల పై పూతని తినేస్తుంది. మా బేరింగ్ షెల్ బూడిద రంగులో, నున్నగా ఉంది. ఆ టిప్పర్ షెల్స్ బల్ల మీదే ఉన్నాయి, రాగి బయటపడి గీతలు తేలి. పక్కపక్కన పెట్టి చూశాక కొంత గుండె కుదుటపడింది.

హెడ్ దించకుండా చూడగలిగిన వాటిలో ఇక మిగిలింది కూలర్. మా ఇంజన్‌కి అది ఆయిల్ ఫిల్టర్ వెనక, బ్లాకు పక్కనే కవర్ లోపల ఉంటుంది. పలుచటి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి అతికిన పెట్టె. ప్లేట్ల లోపల ఆయిల్, బయట నీళ్ళు. దాన్ని తీయడం పెద్ద పని కాదు. హెడ్‌తో పోలిస్తే అసలు పనే కాదు. కవర్ ఊడదీస్తే లోపల మడ్డి పట్టి ఉంది. డీజిల్‌తో కడిగి, ఒక రంధ్రం రబ్బరు పెట్టి ప్లేటుతో మూసి, రెండో దానికి గాలి పైపు తగిలించి నీళ్ళ తొట్టిలో ముంచారు. 3 కేజీల గాలి. బుడగ లేదు. తిప్పి ముంచారు. లేదు.

అప్పటిదాకా ఓపిక పట్టిన నేను "మేస్త్రీ, ఇక హెడ్డేనా?" అనేశాను.

"ఏటి బాబూ తొందర? ఇది రోడ్డు మీద చన్నీళ్ళలో నడిచిందా?" అన్నాడు.

సగం కోసిన డ్రమ్ములో నీళ్ళు పోసి, కింద కట్టెల మంట పెట్టించాడు. నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగాక కూలర్‌ని వైరుతో కట్టి దించాడు. ఇనుము వేడెక్కేదాకా ఆగాడు. గాలి 5 కేజీలకి పెంచాడు. మొదట కూలర్‌కి పట్టిన గాలి చుక్కలు ఊడి పైకి వచ్చాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దన్నాడు. ఆ తర్వాత ఒక మూల, ప్లేట్లు అతికిన అంచు దగ్గర నుంచి ఆవగింజంత బుడగలు, ఒకే చోటు నుంచి, ఒకే వరసలో వస్తూనే ఉన్నాయి. గాలి ఆపితే ఆగాయి. ఇస్తే వచ్చాయి. బయటికి తీసి ఆ మూల ఎంత తుడిచి చూసినా కంటికి చిన్న గీత కూడా ఆనలేదు. వేడికి లోహం సాగినప్పుడు, లోపల ప్రెషర్ ఉన్నప్పుడు మాత్రమే అది నోరు తెరుస్తోంది. ప్రెషర్ టెస్ట్‌లో నీళ్ళు ఆయిల్ వైపుకి పోకపోవడానికీ, ఆయిల్ స్టిక్ శుభ్రంగా ఉండటానికీ కారణం అదే. అదృష్టం బాగుండి త్వరగా దొరికింది. ఆ గీత ఇంకాస్త తెరుచుకుని ఉంటే, బండి ఆపిన ప్రతిసారీ ఆయిల్ ప్రెషర్ పడిపోయి, వేడి నీళ్ళలో మిగిలిన ప్రెషర్‌కి నీళ్ళు వెనక్కి తిరిగి ఆయిల్లోకి పోయేవి. అప్పుడు రెండు వైపులా కలిసిపోయి, ఏది ఎటు నుంచి వచ్చిందో చెప్పడం కష్టమయ్యేది.

దాన్ని అతికించి వాడుకోవచ్చా అని అడిగాను. వద్దన్నాడు. కొత్త కూలర్, గ్యాస్కెట్లు విశాఖ నుంచి ఆర్టీసీ పార్సిల్‌లో తెప్పించుకున్నాం. కొత్తదాన్ని కూడా బిగించే ముందు అదే డ్రమ్ములో, అదే ప్రెషర్‌లో ముంచి చూశాకే పెట్టాడు. నాకు ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది అక్కడే.

కూలర్ మార్చడం పూటలో అయిపోయింది. ప్రాణం తీసింది కడగడం. ఆయిల్ కలిసిన జిడ్డు నీళ్ళ దారిలో ప్రతి మూలా పట్టుకుని ఉంటుంది. ఊరికే నీళ్ళు పోసి దించితే పోదు. ముందు థర్మోస్టాట్ తీసేశాం, లేకపోతే వేడెక్కేదాకా రేడియేటర్ వైపు నీళ్ళు తిరగవు. రేడియేటర్‌ని విప్పి షాపుకి పంపి, ట్యాంకులు ఊడదీయించి, ట్యూబుల్లో రాడ్లు దింపించాం. జిడ్డుతో పాటు పాత బోరు నీళ్ళ సున్నం కూడా పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఇంజన్ వైపు కడగడానికి కుర్రాళ్ళు బట్టల సబ్బు పొడి తెచ్చారు. మేస్త్రి వెనక్కి పంపేశాడు. వాటర్ బాడీ (నీళ్ళు తిప్పే పంపు) తిరిగే వేగానికి ఆ నురగ రేడియేటర్ మూతిలోంచి పొంగి షెడ్డంతా పాకుతుంది, లోపల నీళ్ళు తిరగవు. గిన్నెలు తోమే మిషన్లకి వాడే పొడి ఉంటుంది, దానికి నురగ తక్కువ, జిడ్డు కోసే గుణం ఎక్కువ. దాన్ని వేడి నీళ్ళలో కలిపి పోసి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, వేడిగా ఉండగానే దించేయడం. మళ్ళీ మంచి నీళ్ళు, మళ్ళీ పొడి. మొదట దిగిన నీళ్ళు చూస్తే కడుపులో తిప్పింది. చివరికి బకెట్ అడుగు కనబడే నీళ్ళు వచ్చాయి. డీజిల్ పోసి కడిగితే త్వరగా పోతుందని ఎవరో సలహా ఇచ్చారు. రబ్బరు హోసులు, సీళ్ళు ఉన్న దారిలో డీజిల్ తిప్పడం ఏం తెలివో నాకు తెలియదు.

హోసులు ఎలాగూ మార్చాల్సి వచ్చింది. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి, నొక్కితే వేలు దిగబడింది. పైది, కిందిది, బైపాస్ ముక్క, అన్నీ కొత్తవి వేయించాను. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చాం. ఖర్చు లెక్క చూస్తే కూలర్ కంటే కడుగుడు, హోసులు, రేడియేటర్ షాపు కలిపి ఎక్కువైంది. అయినా మొదట చెప్పిన హెడ్ పని అంత కాలేదు. ఆ హెడ్ దించి, గ్యాస్కెట్ వేసి, బిగించి ఉంటే అదే జిడ్డు మళ్ళీ తేలేది, ఖర్చు డబుల్.

కూలంట్ విషయంలో మేస్త్రికీ నాకూ చిన్న వాదన నడిచింది. ఇన్నాళ్ళూ ఈ బండి బోరు నీళ్ళ మీదే నడిచినట్టుంది, లోపలి సున్నమే సాక్ష్యం. మంచి కూలంట్ పోస్తే తర్వాత దారిలో తగ్గినప్పుడల్లా అదే పోయాలి కదా, అంత ఖర్చు ఎందుకు అన్నాను. ఆయన లోపలికి పోయి పాత లైనర్ ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టాడు. బయటి గోడ మీద ఒక వైపు నిలువుగా, గుండుసూదితో పొడిచినట్టు గుంటలు. ఒకటి లోపలిదాకా పోయి చిల్లు పడింది. పిస్టన్ అటూ ఇటూ కొట్టుకునే దెబ్బకి లైనర్ గోడ సన్నగా అదురుతుంటుంది. ఆ అదురుకి గోడ పక్క నీళ్ళలో ఆవిరి బుడగలు పుట్టి, గోడ మీదే పగిలి, ఇనుమును కొంచెం కొంచెం పెరుకుతాయి. వెట్ లైనర్ డీజిల్ ఇంజన్ల కూలంట్‌లో కలిపే మందు ఆ గోడ మీద పల్చటి పొర కట్టి ఆపుతుంది. బోరు నీళ్ళకి ఆ గుణం లేదు. పైగా సున్నం. నేను ఇంకేం మాట్లాడలేదు. కూలంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం అని ఒప్పుకున్నాను.

కానీ అది వెంటనే పోయలేదు. కొన్నాళ్ళు మామూలు నీళ్ళతో, థర్మోస్టాట్ లేకుండా, దగ్గర లోడ్లు కొట్టమన్నాడు. ఎంత కడిగినా కాస్త జిడ్డు లోపల మిగులుతుంది, అది వేడికి ఊడి వస్తుంది, ఆ మురికంతా ఖరీదైన కూలంట్‌లో ఎందుకు కలపడం అని. నిజంగానే మొదటి లోడు తర్వాత ట్యాంకులో రంగురంగుల పొర మళ్ళీ తేలింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ చేస్తే "స్టిక్ ఎంత ఉంది?" అన్నాడు. చల్లటి ఇంజన్, చదునైన నేల, ఎప్పుడూ ఒకే చోట బండి పెట్టి చూసుకోమన్నాడు. మట్టం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ట్యాంకులో పొరని పాత బనీను గుడ్డతో అద్ది తీసి, మళ్ళీ తిరిగి వచ్చి చూశాను, ఈసారి సగానికి తగ్గింది. పాత జిడ్డు అయితే ప్రతిసారీ తగ్గుతూ పోతుంది, స్టిక్ దిగదు. కొత్త లీకైతే పొర పెరుగుతుంది, స్టిక్ దిగుతుంది. ఆ రెండూ కలిపి చూడకుండా పొరని మాత్రమే చూస్తే మళ్ళీ షెడ్డుకి పరిగెత్తేవాడిని.

పొర పూర్తిగా పోయాక సాలూరు వెళ్ళి, నీళ్ళు దింపి, థర్మోస్టాట్ బిగించి, కూలంట్ పోయించుకున్నాను. అదే రోజు లోడుతో సుంకి ఘాట్ ఎక్కాను. ముల్లు పాత చోటే నిలబడింది. క్యాబిన్‌లో ఇప్పుడు కూలంట్ డబ్బా ఒకటి పడి ఉంటుంది, దారిలో తగ్గితే అందులోంచే పోస్తున్నాం.